మందుల గదిలో నేర్చి, మార్కెట్లో మరిచినవి

చింతూరులోనూ చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల్లోనూ ముప్పై నాలుగేళ్లు ఫార్మసిస్టుగా పనిచేసి 2019లో రిటైరయ్యాను. ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు చూశాను: మొదట ఖమ్మం, 2014 తర్వాత తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. మైదానం నుంచి వచ్చిన గిరిజనేతరుణ్ణి కనుక 1/70 చట్టం ప్రకారం ఇక్కడ సెంటు భూమి కొనలేను. కొనకూడదు కూడా. ఆ చట్టం ఉండబట్టే ఈ కొండల్లోవాళ్లకు ఆ మాత్రం నేల మిగిలింది. అందుకని మాబోటి ఉద్యోగుల డబ్బు చీటీల్లోకో, బంగారంలోకో, ఈమధ్య షేర్లలోకో పోతుంది. నాదీ అలాగే పోయింది. ఆసుపత్రులకు మందులూ పరికరాలూ ఆన్‌లైన్‌లో సమకూర్చే ఒక కంపెనీ షేర్లను, అవి ఇంకా మార్కెట్లోకి రాకముందే, 2021లో నాలుగు లక్షలు పెట్టి కొన్నాను. ఆ కంపెనీ పేరు చెప్పను. దాని తప్పెంతో నాకు తెలియదు, నా తప్పు మాత్రం బాగా తెలుసు. చదివే ఓపిక నీకుందన్న నమ్మకంతో అదే రాస్తున్నాను.

1. తెలిసిన పనిలోనే మనిషి తేలిగ్గా బోల్తా పడతాడు.

"మందుల సంగతి నీకంటే ఎవరికి తెలుసు మామయ్యా" అన్నాడు హైదరాబాదులో ఉండే మా మేనల్లుడు. ఆ మాట నాకు బాగా ఎక్కింది. కరోనా రెండో దెబ్బ తిన్న రోజులవి. వేలికి పెట్టే ఆక్సీమీటరు కోసం భద్రాచలం దాకా మనిషిని పంపినా దొరకని కాలం. ఏ సరుకు ఎక్కడుందో క్షణంలో చూపించి, తెచ్చిపెట్టే కంపెనీ ఒకటి వచ్చిందంటే, నా ఉద్యోగమంతా పడ్డ అవస్థకు అది జవాబులా కనిపించింది. అది అవసరమైన పనే, ఇప్పటికీ అదే అంటాను. కానీ అవసరమైన పని చేసే ప్రతివాడికీ లాభం రావాలని లేదు. ప్రభుత్వం ధర కట్టిన మందుల మీద టోకు వ్యాపారికి నూటికి 8, దుకాణానికి 16 అన్నది ఈ వ్యాపారంలో పాత లెక్క. ఆ 8లోంచే గోదాము అద్దె, వ్యాను డీజిలు, ఫ్రిజ్ కరెంటు, జీతాలు, గడువు తీరి పారేసే సరుకు అన్నీ పోవాలి. దానిమీద మళ్లీ తగ్గింపులిచ్చి ఆసుపత్రులను తమవైపు తిప్పుకోవాలంటే ఇక మిగిలేదేమిటి? ఈ లెక్క నాకు రానిది కాదు. కాగితం, కలం తీసుకుని కూర్చోలేదు, అంతే.

2. బిల్లు కొట్టిన నాడే డబ్బు వచ్చినట్టు కాదు.

రాజమండ్రి నుంచి ఒక మందుల సరఫరాదారు మా ఏజెన్సీ ప్రాంతానికి వస్తుండేవాడు. ఆయన రెక్సిన్ సంచిలో వసూలు కావలసిన బిల్లులు నెలలవారీగా రబ్బరు బ్యాండ్లు వేసి ఉండేవి. ఒకసారి ఓ కట్ట తీయబోతే బ్యాండు ఎండిపోయి పుటుక్కున తెగింది. "చూశారా సార్, బిల్లుకంటే ముందు రబ్బరుకే గడువు తీరింది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడికి పెద్దాసుపత్రి గుమ్మం అందింది. దాంతోపాటే, బకాయిలు పేరుకున్నాయి, సేవలు ఆపేస్తామని నెట్‌వర్క్ ఆసుపత్రులు ప్రకటించడం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. ఆసుపత్రికి డబ్బు రాకపోతే అది మందులవాడికి ఇవ్వదు. మందులవాడు అప్పు తెచ్చి సరుకు కొంటాడు. అమ్మకం పెరిగినకొద్దీ అప్పూ పెరిగే వ్యాపారమిది. నేను కొన్న కంపెనీ వార్షిక నివేదికలో రావలసిన బాకీలకు ఒక పేజీ ఉంది. నేను ఛైర్మన్ ఫొటో ఉన్న పేజీ దగ్గరే ఆగిపోయాను. ఆ రెక్సిన్ సంచి అప్పుడు గుర్తొచ్చి ఉంటే బాగుండేది.

3. గోదాములో సరుకంతా గుమాస్తా ఆస్తి కాదు.

నా స్టాకు రిజిస్టరులో ఏడాదికి లక్షల విలువైన మందులు వచ్చేవి, పోయేవి. అందులో ఒక్క మాత్ర నాది కాదు, నాది నెల జీతం ఒక్కటే. ఆ కంపెనీ వాళ్లు మాత్రం తమ ద్వారా చేతులు మారిన సరుకు మొత్తాన్ని పెద్ద అక్షరాల్లో చూపించారు. అందులో వాళ్లకు దక్కింది ఎంతో చిన్న అక్షరాల్లో ఉంది. నేను పెద్ద అక్షరాలే చదివాను. ఇంకో అమాయకత్వం కూడా ఒప్పుకోవాలి. షేరు 400 అంటే, వేలల్లో ఉన్న షేర్ల పక్కన చవకే కదా అనుకున్నాను. కంపెనీకి మొత్తం ఎన్ని షేర్లున్నాయని అడగనేలేదు. 10 రూపాయల షేరైనా 500 కోట్ల షేర్లుంటే కంపెనీని 5,000 కోట్లకు కొంటున్నట్టే లెక్క. ఆ 5,000 కోట్లకు తగిన లాభం ఏ ఏటికి వస్తుందన్నదే అసలు ప్రశ్న. మందు సీసా చేతికొస్తే ముందు గడువు తేదీ వెతికే నేను, ఇక్కడ రంగు చూసి కొన్నాను.

4. అమ్మేవాడే ధర చెబితే ఇంకొకరిని అడిగి చూడు.

సంతలో చింతపండు బుట్టతో వచ్చే ఒక కోయ ముసలమ్మను ఏళ్ల తరబడి చూశాను. ఒక షావుకారు ధర చెప్పగానే బుట్ట దించేది కాదు. ఇంకో షావుకారు దగ్గరికి వెళ్లేది, గిరిజన సహకార సంస్థ డిపో ధరా కనుక్కునేది. 1956లో ఆ సంస్థ పెట్టిందే దళారి ఒక్కడే ధర చెప్పే పద్ధతి పోవాలని. ముసలమ్మకు ఒక్క అక్షరం రాదు. డిప్లొమా చదివిన నేను ఒక్క బ్రోకరు చెప్పిన ధరకు తలూపాను. అన్‌లిస్టెడ్ షేరుకు బజారు లేదు, తక్కెడ లేదు. కొనబోతే ఒక ధర, అమ్మబోతే ఇంకొకటి. రెండేళ్ల తర్వాత అమ్ముదామని ఫోన్ చేస్తే "ఇప్పుడు కొనేవాళ్లు లేరండీ" అన్నారు. ఒకవేళ కంపెనీ మార్కెట్లోకి వచ్చినా, ముందే కొన్న మనలాంటివాళ్లు ఆరు నెలల దాకా అమ్మడానికి వీల్లేదు. ఇలాంటి షేర్లను అనుమతి లేని ఆన్‌లైన్ వేదికల మీద కొనవద్దని 2024 డిసెంబరులో సెబీ హెచ్చరించింది. నేను అప్పటికే కొని మూడేళ్లయింది.

5. పెద్దవాళ్ల వెనక నడిస్తే వాళ్ల గొడుగు మనకు పట్టదు.

నేను కొన్నది ఆన్‌లైన్ మందుల కంపెనీ ఫార్మ్‌ఈజీని కాదు గానీ, అందరికీ తెలిసిన కథ కనుక దాని సంగతి చెబుతాను. టెమాసెక్, ప్రోసస్ వంటి పెద్ద పెద్ద సంస్థలు డబ్బు పెట్టిన కంపెనీ. 2021లో రోగ పరీక్షల సంస్థ థైరోకేర్‌లో సగానికి పైగా వాటాను 4,546 కోట్లకు కొన్నది. ఆసుపత్రులకు మందులు సరఫరా చేసే ఆక్నామెడ్‌ను కూడా ఆ ఏడే కలుపుకుంది. ఆ నవంబరులో 6,250 కోట్ల పబ్లిక్ ఇష్యూకు దరఖాస్తు పెట్టింది. ఇష్యూ వస్తే చాలు, డబ్బు రెట్టింపని చిన్న మదుపరులు బయట ఎగబడ్డారు. 2022 ఆగస్టులో దరఖాస్తు వెనక్కి తీసుకుంది. 2023లో అప్పు తీర్చడానికి, ఉన్న వాటాదారులకే కొత్త షేర్లమ్మే రైట్స్ ఇష్యూకు వచ్చినప్పుడు షేరు 5 రూపాయలు, అంతకుముందు కట్టిన విలువలో సుమారు పదో వంతు. పెద్దవాళ్లూ నష్టపోయారు, నిజమే. కానీ వాళ్లకు బోర్డులో కుర్చీ ఉంటుంది, ఒప్పందంలో రక్షణ ఉంటుంది, మళ్లీ డబ్బు పెట్టి వాటా నిలుపుకునే సత్తా ఉంటుంది. రైట్స్‌కు డబ్బు కట్టలేనివాడి వాటా ఉన్నచోటే కరిగిపోతుంది. అయినా మన తెలుగువాళ్లకు ఈ పాఠం కొత్తా? లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని సత్యం కంప్యూటర్స్ ఛైర్మనే లేఖ రాసిన 2009 జనవరి 7న, 179 రూపాయల షేరు సాయంత్రానికి 40కి దిగింది. ఆ రోజు పేపరు మా మందుల గదిలోనే చదివాను. అది వేరేవాళ్ల కథ అనుకున్నాను.

6. గోదావరికి మూడు హెచ్చరికలున్నాయి, నా పెట్టుబడికి ఒక్కటీ లేదు.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. గోదావరి నిండుగా ఉంటే మా శబరి నది అందులో కలవలేక వెనక్కి తన్నుతుంది. నేను ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడే, 1986లో, 75.6 అడుగులు వచ్చింది. అప్పటి నుంచి మాకొక నియమం: రెండో హెచ్చరిక వినబడగానే పాముకాటు ఇంజెక్షన్లూ టీకాలూ ఐస్ పెట్టెల్లో సర్ది మెట్టకు చేర్చాలి. ఇంకా పెరుగుతుందా, తగ్గుతుందా అని ఎవరం వాదించుకునేవాళ్లం కాదు. గీత దాటిందంటే పెట్టె లేవాల్సిందే. షేరు విషయంలో నేను వాదిస్తూ కూర్చున్నాను. పబ్లిక్ ఇష్యూ వాయిదా పడింది, మంచికే అనుకున్నాను. పైస్థాయి అధికారులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కొత్త రక్తం వస్తుందనుకున్నాను. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు తెచ్చింది, బ్యాంకులు నమ్ముతున్నాయనుకున్నాను. అవే నా 43, 48, 53. ఏది జరిగితే బయటపడాలో కొన్న రోజునే రాసి పెట్టుకో. నీళ్లు గడప దాటాక గీత గీస్తే, అది ఎంత మునిగామో చెబుతుందే తప్ప మనల్ని కాపాడదు.

7. మాట కూడా మందే, ఇచ్చే ముందు మోతాదు చూసుకో.

ఇది రాయడానికి చాలాకాలం చేయి రాలేదు. నాతో ఇరవై ఏళ్లు పనిచేసిన అటెండరు ఒకాయన ఉన్నాడు, కోయ మనిషి. 2021 చివర్లో ఇంటికొచ్చి, "సారూ, నువ్వు ఏదో కొన్నావంట, బాగుంటదా?" అని అడిగాడు. బాగుంటుందన్నాను. మరునాడు బనియను జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి లక్ష రూపాయలు నా చేతిలో పెట్టాడు. మిద్దె మీద గది వేసుకుందామని దాచుకున్న డబ్బు, వరదొస్తే పిల్లలు ఎక్కి కూర్చోవడానికి. అతనికి డీమ్యాట్ ఖాతా లేదు కనుక షేర్లు నా పేరు మీదే కొన్నాను. ఇన్నేళ్లూ నేనిచ్చిన మాత్ర ఎందుకని అడగకుండా మింగినట్టే, నా మాటనూ మింగాడు.

2022 జూలైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అతని ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. ఎక్కడానికి పైన గది లేదు. భార్యాపిల్లలను తీసుకుని చీకట్లో సామానుతో మెట్టకు నడిచాడు. ఎవరికీ ఏమీ కాలేదు, అది నా అదృష్టం. తర్వాత రెండేళ్లలో నా పెన్షన్లోంచి ఆ లక్షా విడతలుగా ఇచ్చేశాను. వద్దన్నాడు, బలవంతాన ఇచ్చాను. గది లేచింది.

బాకీ తీరింది కనుక ఆ షేర్లు ఇప్పుడు పూర్తిగా నావే. అయినా సంతలో ఎదురైనప్పుడల్లా అతను ఆగి, నవ్వుతూ, ఏ ఎత్తిపొడుపూ లేకుండానే అడుగుతాడు: "సారూ, మన కంపెనీ ఎంతైంది?"

ఎంతైందో నాకు తెలుసు. ఆ "మన" అన్న మాట దగ్గరే నాకు జవాబు దొరకదు.