అక్కా, దానికి లెక్కలంటే కడుపునొప్పి!

చూడు చెల్లాయ్, నీ ఏడేళ్ళ కూతురు కథల పుస్తకం చేతికిస్తే అన్నం సంగతే మరిచిపోతుందనీ, లెక్కల కాగితం ముందు పెడితే మాత్రం "అమ్మా, కడుపునొప్పి" అంటూ మంచం ఎక్కేస్తుందనీ చెప్పావు. దొంగనొప్పి అని కొట్టిపారెయ్యకు. ఒక్క పేజీలో ముప్ఫై కూడికలు, దాని వెనక ఇంకో ముప్ఫై తీసివేతలు చూస్తే నాకూ ఎక్కడో అక్కడ నొప్పి పుడుతుంది. బడి మానిపించి ఇంట్లో చదివించుకుంటున్నదే పిల్ల తీరుని బట్టి నడుద్దామని కదా! మరి ఆ కాగితాలే మళ్ళీ ఇంట్లోకి ఎందుకు తెచ్చినట్టు?

ముందు మీ అత్తగారి బెంగ తీర్చేద్దాం. "బడికి పంపకపోతే గవర్నమెంటు వాళ్ళు ఊరుకుంటారా?" అని ఆవిడ కాకినాడ నుంచి వీడియో కాల్‌లో రోజూ అడుగుతున్నారన్నావు. ఊరుకుంటారని చెప్పు. అమెరికాలో ఇంటి చదువు 1993 నాటికే యాభై రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైపోయింది. మీ టెక్సాస్‌లో అయితే మరీ తేలిక. పరీక్షలు రాయించి మార్కులు పంపక్కర్లేదు. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ అయిదూ నిజంగా నేర్పుతున్నారా అన్నదే వాళ్ళకి కావాలి. అదే న్యూయార్క్‌లో ఉండుంటే ఏడాది ప్లాను రాసివ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. నీకా గొడవ లేదు. అందుకే నచ్చిన పుస్తకం ధైర్యంగా ఎంచుకోవచ్చు.

అసలు సంగతికొస్తాను. "కథలతో లెక్కలు" అని అమ్మే సరుకు రెండు రకాలుగా ఉంటుంది. మొదటి రకంలో కుందేలు ఒకటి ఉంటుంది. నువ్వు ఏడూ అయిదూ కలిపితే అది ఒక గెంతు గెంతుతుంది, ఒక నాణెం ఇస్తుంది, టపాకాయ పేలుస్తుంది. ఆ కుందేలుకీ ఆ కూడికకీ సంబంధమేమిటి? ఏమీ లేదు. కూడిక తీసేసి రాజధానుల పేర్లు అడిగినా అది అలాగే గెంతుతుంది. పిల్లలు నాలుగు రోజులు సరదా పడతారు, అయిదో రోజుకి కుందేలు కావాలి, కూడిక వద్దు అంటారు. తప్పు వాళ్ళది కాదు కదా. రెండో రకంలో లెక్క తేలకపోతే కథ ముందుకి కదలదు. నువ్వు ఏ పుస్తకం చూసినా ఈ ఒక్క పరీక్ష పెట్టు: కథలోంచి లెక్కని బయటికి లాగేస్తే, కథ ఆగిపోతోందా? ఆగిపోతే మంచి పుస్తకం. ఆగకుండా హాయిగా సాగిపోతుంటే, డబ్బులు దాచుకో.

ఇదేదో అమెరికా వాళ్ళు కనిపెట్టిన విద్య అనుకోకు. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రాసిన లీలావతిలో ఒక నెమలి లెక్క ఉంది. తొమ్మిది మూరల స్తంభం మీద నెమలి కూర్చుంది. స్తంభం మొదట్లో ఒక కన్నం. ఇరవై ఏడు మూరల దూరం నుంచి పాము ఆ కన్నంలోకి దూరాలని గబగబా వస్తోంది. నెమలి చూసింది, ఏటవాలుగా దూకింది. రెండూ సమానమైన దూరం పోయి ఒకచోట కలిశాయి. కన్నానికి ఎంత దూరంలో? పన్నెండు మూరల దూరంలో. అక్కడికి పాము పదిహేను మూరలు పాకింది, నెమలీ పదిహేనే ఎగిరింది. ఇందులోంచి లెక్క తీసేసి చూడు, కథేముంటుంది? ఆ పాము చిక్కుతుందా, తప్పించుకుంటుందా అన్నదే లెక్క.

నీ కూతురికి ఇది ఇంకా పెద్దది, లంబకోణ త్రిభుజం దాకా రావాలి. అదే లీలావతిలో ఉన్న తుమ్మెదల లెక్క మాత్రం రేపే పెట్టొచ్చు. గుంపులో అయిదో వంతు ఒక పువ్వు మీదికి, మూడో వంతు ఇంకో పువ్వు మీదికి వెళ్ళాయి. ఆ రెండు వంతులకీ ఎంత తేడా ఉందో దానికి మూడు రెట్లు మరో పువ్వు మీదికి. ఒక్క తుమ్మెద మాత్రం ఎటూ తేల్చుకోలేక గాలిలో తిరుగుతోంది. మొత్తం ఎన్ని? పదిహేను శనగలు ఇచ్చి పంచమను. మూడు, అయిదు, ఆరు, ఒకటి. పిల్ల తనంతట తాను తేల్చుకుంటే ఆ ఒంటరి తుమ్మెద ఎవరో కూడా ఒక కథ చెబుతుంది నీకు. లీలావతి భాస్కరాచార్యుడి కూతురేనని, ఆ అమ్మాయి కోసమే ఈ పుస్తకం రాశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ, నిజమైతే ఇంట్లో కూర్చోబెట్టి లెక్కలు చెప్పిన తండ్రి అన్నమాట. ఇక మన తెలుగులోనే, 11వ శతాబ్దిలో పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని పద్యాల్లో పెట్టాడు. మీ అత్తగారికి ఇవన్నీ చెప్పు, కాస్త కుదుటపడతారు.

ఇక నువ్వు అడిగిన ఫ్రెడ్ పుస్తకాలు. "లైఫ్ ఆఫ్ ఫ్రెడ్" రాసింది స్టాన్లీ ష్మిట్ అనే రిటైరైన లెక్కల మాస్టారు. ఫ్రెడ్ గాస్‌కి అయిదేళ్ళు. కాన్సస్‌లో కిటెన్స్ యూనివర్సిటీ అనే ఒక లేని యూనివర్సిటీలో వాడు లెక్కల ప్రొఫెసరు. చంకలో కింగీ అని ఒక బొమ్మ. ఇంటిపేరు ఊరికే పెట్టలేదు, జర్మనీ గణితవేత్త గాస్‌ది అది. ఒకటి నుంచి వంద దాకా కలపమని మాస్టారు అంటే, చిన్న గాస్ మొదటిదీ చివరిదీ జతలు కట్టి, యాభై జతలు, జతకి నూట ఒకటి, మొత్తం 5,050 అని చప్పున చెప్పాడని ఒక కథ చెప్పుకుంటారు. ఆ కథ ఫ్రెడ్‌ని పరిచయం చేసే రోజున చెప్పు, ఇంకా బావుంటుంది.

చిన్నపిల్లల వరస ఇంగ్లీషు అక్షరాల క్రమంలో నడుస్తుంది, ఆపిల్స్‌తో మొదలై జెల్లీ బీన్స్ దాకా పది పుస్తకాలు. ఆ తర్వాత భిన్నాలు, దశాంశాలు, ఆల్జీబ్రా అంటూ కాలిక్యులస్ దాకా వెళుతుంది. మొట్టమొదటి పుస్తకంలోనే ఏడు అయ్యే జతలు, గడియారం, వారాల పేర్లు, లీపు సంవత్సరం, సున్నాకి కిందికి దిగిన చలి, అన్నీ కలిసిపోయి వస్తాయి. ఇది చూసి కొందరు తల్లులు "వరస లేదేమిటి?" అని గాభరా పడతారు. నాకు మాత్రం అదే నచ్చింది. మనిషికి రోజులో లెక్క వచ్చేది అలాగే కదా, బజారుకి వెళ్ళినప్పుడు ఇవాళ కూడికలు మాత్రమే అని ఎవరూ వెళ్ళరు. ప్రతి అధ్యాయం చివర పిల్ల చెయ్యాల్సిన లెక్కలు కొన్ని ఉంటాయి. వెనకే జవాబులు కూడా ఉంటాయి, వివరంగా. ముందు రాసి, తర్వాతే పేజీ తిప్పాలి. ఆ ఒక్క నియమం దగ్గర మాత్రం మెత్తబడకు.

పుస్తకం మీద తరగతి అంకె ఉండదు. ఎనిమిదేళ్ళ వాడు మొదటి పుస్తకం పట్టుకున్నా నామోషీ అనిపించదు, అది మంచిదే. న్యూయార్క్‌లో ఉండేవాళ్ళకి మాత్రం రిపోర్టు రాసేటప్పుడు ఏ పాఠంలో ఏం వచ్చిందో తామే విడదీసి రాసుకోవాల్సి వస్తుంది.

ఫ్రెడ్‌తో నా పేచీ ఒక్కటే. చెయ్యాల్సిన లెక్కలు తక్కువ. పిల్ల కథ చదివేసి, నవ్వేసి, "అయిపోయింది" అంటుంది. చదివినదంతా చేతికి వచ్చిందనుకోవడం ఇక్కడి పెద్ద ఉచ్చు. అందుకని దీన్ని మాత్రమే నమ్ముకోకు.

"బీస్ట్ అకాడమీ" సంగతి వేరు. ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లం సాల్వింగ్ అని ఒక సంస్థ ఉంది, అమెరికాలో లెక్కల పోటీలకి తయారయ్యే పిల్లల ఇళ్ళల్లో ఆ పేరు తెలియని వాళ్ళుండరు. వాళ్ళదే ఇది. మొత్తం రంగుల కామిక్కు. గ్రోగ్, లిజ్జీ, అలెక్స్, విన్నీ అని నలుగురు బుల్లి రాక్షసులు బడికి వెళతారు, పోట్లాడుకుంటారు, తప్పులు చేస్తారు, ఒకళ్ళ తప్పు ఇంకొకళ్ళు పట్టుకుంటారు. ఒక్కో ఏడాదికి నాలుగు భాగాలు, ప్రతి భాగానికీ బొమ్మల గైడు ఒకటి, లెక్కల ప్రాక్టీసు పుస్తకం ఒకటి. కామిక్కు చూసి మోసపోకు, లోపల లెక్కలు గట్టివి. నక్షత్రం గుర్తు ఉన్నవైతే పెద్దవాళ్ళమే కాసేపు తల గోక్కోవాలి. కథ చదివి పెన్సిల్ పట్టుకున్న పిల్ల అక్కడ తప్పకుండా ఆగుతుంది. ఆగడం దాని పద్ధతిలోనే ఉంది.

కాబట్టి పిల్లని బట్టి చూడు. పజిల్ తేలకపోతే "చెప్పకు, చెప్పకు, నేనే చేస్తా" అని నీ చెయ్యి తోసేసే రకమైతే బీస్ట్ అకాడమీ. ఒక్క తప్పుకే కళ్ళలో నీళ్ళు తిరిగే రకమైతే ఇప్పుడే వద్దు. నువ్వు చెప్పినదాన్ని బట్టి మీ పిల్ల రెండో రకం. దానికి ముందు ఫ్రెడ్ కావాలి. లెక్కల పుస్తకం పక్కన కూర్చున్నా ప్రాణం పోదని తెలియడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలలు దానికివ్వు. మీ వీధిలో ఫలానా వాళ్ళబ్బాయి అప్పుడే అయిదో తరగతి లెక్కలు చేస్తున్నాడట, ఆ మాట ఆదివారం గెట్‌టుగెదర్‌లోనే వదిలేసి ఇంటికి రా.

"సర్ కమ్‌ఫరెన్స్" బొమ్మల కథలు కూడా అడిగావు. సిండీ న్యూష్వాండర్ రాసినవి. సర్ కమ్‌ఫరెన్స్ భార్య లేడీ డై ఆఫ్ అమీటర్, కొడుకు రేడియస్. మొదటి కథలో రాజుగారి సభలో అందరూ సరిగ్గా కూర్చునే బల్ల కోసం ఒక ఆకారం తర్వాత ఇంకో ఆకారం చేయిస్తారు. నేను చెప్పిన పరీక్షలో నూటికి నూరు. జామెట్రీ తీసేస్తే బల్లే లేదు. కొనకు, లైబ్రరీలో తెచ్చుకో, రాత్రి పడుకునే ముందు చదవడానికి.

చేతికి అలవాటు పడాల్సిన లెక్కలకి ఏం చెయ్యాలి? కాగితాలు మళ్ళీ తేవద్దు. రెండ్రెళ్ళ నాలుగు, రెండు మూళ్ళ ఆరు అంటూ మీ అత్తగారితో వీడియోలో ఎక్కాలు వల్లె వేయించు. ఆవిడకీ పనుంటుంది, "బడి లేదు" అన్న బెంగా తగ్గుతుంది. ఇంట్లో అష్టాచెమ్మా గీయి. నాలుగు గవ్వలు పడ్డ తీరు చూసి, తన పావు ఎక్కడికి చేరుతుందో గళ్ళు లెక్కపెట్టకుండా ముందే చెప్పమను. వామనగుంటల పీట ఉంటే ఇంకా మేలు. రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు, ఏ గుంటలోంచి తీస్తే చివరి గింజ ఎక్కడ పడుతుందో చూసుకుంటూ ఆడాలి. కూడికా తీసివేతా అని పేరు పెట్టకపోతే సాయంత్రమంతా చేస్తారు పిల్లలు.

ఇంకో మూడేళ్ళలో హైదరాబాద్ వచ్చేస్తామన్నావు కాబట్టి ఇదీ చెప్పాలి. ఈ అమెరికా పుస్తకాల్లో లోకమంతా అంగుళాలు, అడుగులు, పౌండ్లు, డాలర్లు. పెద్ద అంకెల్లో కామా మూడేసి అంకెలకి పడుతుంది, మన లక్ష ఎక్కడా కనిపించదు. ఇక్కడికొచ్చాక 1,00,000 చూసి పిల్ల తెల్లమొహం వెయ్యకుండా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పక్కన పెట్టుకో. వాళ్ళ సైట్లో ఊరికే దొరుకుతాయి. ఒకటి, రెండు తరగతులకి 2023లో వచ్చిన "జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్", మూడుకి 2024లో వచ్చిన "మ్యాథ్స్ మేళా". వీటికి ముందు ఉన్న "మ్యాథ్-మ్యాజిక్" అయిదో తరగతి పుస్తకంలో మొదటి పాఠమే చేపల కథ. పడవల వేగాలు, పట్టిన చేపల బరువు, ఎండుచేపల వ్యాపారానికి ఆడవాళ్ళు తీసుకున్న అప్పు, అన్నీ అందులోనే. అది వదలకు. పిల్ల పెద్దయ్యాక కూర్చోబెట్టి చదివించు. కాకినాడ కుంభాభిషేకం రేవులో ఇవాళ వంజరం కిలో ఎంత పలికిందో వాళ్ళ నానమ్మని అడగమను. ఆ ధరకి రెండున్నర కిలోలు ఎంతవుతుందో నానమ్మ నోటిలెక్కన చెప్పేలోపు మనవరాలు చెప్పాలి. ఎవరు గెలుస్తారో నేను ఇప్పుడే చెప్పగలను గానీ, చెప్పను.

కొనే ముందు మాత్రం తొందరపడకు. బీస్ట్ అకాడమీ సైట్లో పిల్ల ఏ స్థాయిలో మొదలెట్టాలో చూసే పరీక్ష ఉచితంగా ఉంది, అది చేయించు. వయసు చూసి కొనెయ్యకు. ఫ్రెడ్ పది పుస్తకాలూ ఒకేసారి తెప్పించకు. ఒక్క ఆపిల్స్ తెచ్చి, నువ్వే బిగ్గరగా చదువు. కింద లెక్కలొచ్చేసరికి పిల్ల పెన్సిల్ కోసం వెతికితే మిగతావి కొను. నువ్వు వెతికి చేతికి ఇవ్వాల్సి వస్తుంటే ఇంకొన్నాళ్ళు ఆగు. ఇంటి చదువు చెప్పేవాళ్ళ మధ్య ఈ పుస్తకాలు చేతులు మారుతూనే ఉంటాయి, ఒకసారి అడిగి చూడు. ఏది కొన్నా జవాబులు వేరే నోటుబుక్కులో రాయించు, రెండేళ్ళకి అదే పుస్తకం మీ చిన్నాడికి పనికొస్తుంది.