దూరపు కంప్యూటరు, దగ్గరి ప్రింటరు

పంచాయతీ కార్యాలయమునకు ఒక వృద్ధురాలు ఇంటిపన్ను రసీదు కొఱకు వచ్చినదనుకొందము. గుమాస్తా పట్టణములోని కంప్యూటరును తన బల్లనుండియే తెరచి, ముద్రణకు ఆజ్ఞ యిచ్చెను. ఆమె చేతికి కాగితము రాలేదు. అది పట్టణములోని ప్రింటరునుండి వెలువడినది. ఆమెకు కాలహరణము, ఆమె వివరములు పరుల కంటబడుట అంతకంటె చేటు. ఇది యంత్రదోషము కాదు, అమరికలోని లోపము.

ఇట్లు దూరపు కంప్యూటరులో పనిచేయుటను రిమోట్ డెస్క్‌టాప్ అందురు. ప్రత్యేకముగా ఎన్నుకొననపుడు కాగితము పోవు యంత్రమే డిఫాల్ట్ ప్రింటరు. దీనిని సరిచేయు క్రమమును మనవి చేయుచున్నాము.

మొదట, సంబంధము కలుపుటకు ముందే ‘లోకల్ రిసోర్సెస్’ అను పుటలో ‘ప్రింటర్స్’ ఎదుట గుర్తుంచవలెను. లేనిచో మన ప్రింటరు దూరపు తెరపై కనబడదు.

రెండవది, మన కంప్యూటరులోనే మన ప్రింటరును డిఫాల్టుగా నిర్ణయింపవలెను. విండోస్ 10లో 2015 నవంబరునుండి, పిదప విండోస్ 11లోను, ఈ నిర్ణయమును విండోసే చేయు ఏర్పాటు కలదు. అది పనిచేయుచున్నచో చివర వాడిన ప్రింటరే డిఫాల్టగును. కావున దానిని ఆపవలెను.

మూడవది, దూరపు తెరపై మన ప్రింటరు పేరు ప్రక్కన ‘రీడైరెక్టెడ్’ అను మాటయు, ఒక సంఖ్యయు ఉండును. సంబంధము కలిపిన ప్రతిసారి ఆ సంఖ్య మారవచ్చును. అందుచే అచ్చట చేసిన నిర్ణయము మరునాటికి నిలువకపోవచ్చును.

ఇంతటితో ఫలింపనిచో, దూరపు కంప్యూటరు నిర్వాహకులు గ్రూప్ పాలసీచే అడ్డగించిరేమో విచారింపవలెను.

సభ్యులు గుమాస్తాను అడుగవలసినది ఒక్కటే: ముద్రణకు ముందు ప్రింటరు పేరు చదివితిరా?