వీసా కేంద్రానిది, బతుకు ఊరిది

ప్రశ్న: ఉద్యోగాలకు జపాన్ వెళ్లినవారికి అక్కడి మున్సిపాలిటీలు చేయగలిగేది ఏముంటుంది? అంతా కేంద్రం చేతిలోనే ఉంటుంది కదా?

జవాబు: వీసా వరకే కేంద్రం. చెత్త ఏ రోజు వేయాలి, పిల్లల్ని ఏ బడిలో చేర్చాలి, భూకంపం వస్తే ఎటు పరుగెత్తాలి... ఇవన్నీ నగరపాలక సంస్థ నెత్తిన పడేవే.

1990లో వలస చట్టం సడలాక, మోటార్‌సైకిళ్ల ఫ్యాక్టరీలకు పేరుపడ్డ హమమత్సుకు జపాన్ మూలాలున్న బ్రెజిలియన్లు పెద్దసంఖ్యలో చేరారు. 2001లో ఆ నగరం చొరవతో అలాంటి ఊళ్లు కూటమి కట్టి విద్య, వైద్య బీమాపై కేంద్రాన్ని నిలదీశాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు బడిది. నిర్బంధ విద్య విదేశీ పిల్లలకు వర్తించదు! అందుకే 2011 నుంచి బడికి దూరమైన పిల్లల ఇళ్లకు హమమత్సు మనుషుల్ని పంపుతూ వచ్చింది.

కవాసకి నగరం 1996లోనే విదేశీ నివాసుల ప్రతినిధి సభను ఏర్పాటుచేసింది. వారి సూచనలు మేయర్‌కు చేరతాయి. విదేశీయులకు ఓటుహక్కు మాత్రం లేదు, అది చిన్న లోటేమీ కాదు.

1995 కోబె భూకంపంలో హెచ్చరికలు అర్థంకాక విదేశీయులు అల్లాడాకే, చిన్న వాక్యాలతో తేలిక జపనీస్‌లో సమాచారమిచ్చే పద్ధతి వ్యాపించింది.

కొత్తగా వెళ్లేవారు ఇల్లు కుదిరిన 14 రోజుల్లోగా మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి. విదేశీయుల సలహా కేంద్రం గురించి అదే కౌంటర్‌లో అడగవచ్చు.