గీజరు తగువు – మీటరు లెక్క

నడుమ ఒకటే గోడ. అటు ఓనరు కాపురం. ఇటు కిరాయి కాపురం. చాలా ఇళ్ళలో రెండు కాపురాలకూ కరెంటు మీటరు ఒక్కటే ఉంటుంది. చలికాలం వచ్చిందంటే వేడినీళ్ళ దగ్గర మాట పెరుగుతుంది. "మీరే ఎక్కువ కాలుస్తున్నారు" అని ఒకరంటారు. "మేం కాదు, మీరే" అని ఇంకొకరంటారు. ఒక్కోసారి ఇల్లు ఖాళీ చేసేదాకా పోతుంది.

కరెంటు కంటికి కనపడదు. కానీ లెక్కకు దొరుకుతుంది. అంకెలు చదవడం వస్తే సగం తగువు తీరినట్టే. ఎలాగో చూద్దాం.

తగువు ఎట్లా మొదలైంది?

కరీంనగర్ లాంటి పట్నంలో ఒక ఇల్లు అనుకుందాం. ముందు వాటాలో ఓనరమ్మ ఉంటుంది. భర్త లేడు. వచ్చే కిరాయే ఆమెకు ఆధారం. వెనక వాటాలో టైలరక్క ఉంటుంది. భర్త ఆటో నడుపుతాడు. ఇద్దరు పిల్లలు. మొత్తం నలుగురు. కిరాయి కాక, కరెంటుకని నెలకు 300 రూపాయలు ఇస్తారు.

డిసెంబరులో బిల్లు బాగా పెరిగింది. ఓనరమ్మ బిల్లు పట్టుకొని వచ్చింది.

"ఏంది బిడ్డా, పొద్దస్తమానం గీజరు వేసుడేనా? ఇంత బిల్లు నేనెక్కడ తెచ్చి కట్టాలె?"

"పొద్దస్తమానం ఎక్కడ వేస్తున్నం పెద్దమ్మా? పిల్లల స్నానాలకు ఒక్క గంట కూడా వెయ్యం."

మాటా మాటా పెరిగింది. ఓనరమ్మ గీజరు ఫ్యూజు తీసి తన దగ్గర పెట్టుకుంది. టైలరక్క బజారుకు పోయి బకెట్లో పెట్టే హీటరు కొనుక్కొచ్చింది.

నాలుగో రోజు పెద్ద ప్రమాదం తప్పింది. హీటరు ఆన్‌లోనే ఉంది. నీళ్ళు కాగాయో లేదో చూద్దామని చిన్నపాప బకెట్లో చెయ్యి పెట్టబోయింది. టైలరక్క చూసి గబుక్కున పాపను వెనక్కి లాగింది. పాప ఏడుపు విని ఓనరమ్మ పరుగెత్తుకొచ్చింది. హీటరును చూసింది. పాపను చూసింది. మారు మాట్లాడకుండా పోయి ఫ్యూజు తెచ్చి పెట్టింది.

"బిల్లు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ హీటరు తీసెయ్" అంది.

ఇద్దరూ కలిసి లెక్క చూశారు

టైలరక్క రాత్రి బడిలో అంకెలు నేర్చుకుంది. "పెద్దమ్మా, ఎవరు ఎంత కాల్చారో మీటరునే అడుగుదాం" అంది. ఆదివారం పొద్దున రెండు వాటాల్లోనూ లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆపారు. మీటరు మీది అంకెలు నోటుబుక్కులో రాశారు. 4318.2 ఉంది.

తర్వాత గీజరు వేశారు. అది 15 లీటర్ల గీజరు. 2000 వాట్లది. కొంచెంసేపటికి ఎర్ర లైటు ఆరిపోయింది. అంటే నీళ్ళు కాగాయన్నమాట. గడియారం చూస్తే 20 నిమిషాలు దాటింది. మీటరులో 4318.9 ఉంది.

4318.9 లోంచి 4318.2 తీసేస్తే 0.7. అంటే ముప్పావు యూనిట్ కంటే కొంచెం తక్కువ. ఆ 15 లీటర్ల వేడినీళ్ళలో అంతే చన్నీళ్ళు కలిపితే రెండు బకెట్లు అయ్యాయి.

ఇప్పుడు హీటరును కూడా లెక్క చూశారు. పిల్లలను బయట కూర్చోబెట్టారు. రెండు బకెట్ల నీళ్ళు కాచారు. దానికీ 0.7 యూనిట్లే అయింది!

ఓనరమ్మ ఆశ్చర్యపోయింది. "అయితే ఫ్యూజు తీసి నేను మిగుల్చుకున్నది ఏం లేదన్నమాట!"

అవును. ఒక బకెట్ నీళ్ళు కాచడానికి ఇంత కరెంటు అని ఉంటుంది. గీజరుతో కాచినా, హీటరుతో కాచినా ఇంచుమించు అంతే పడుతుంది. ఎన్ని బకెట్లు, ఎంత వేడి అన్నదే లెక్క.

నెలకు ఎంత?

నలుగురికి నాలుగు బకెట్లు. రోజుకు 1.4 యూనిట్లు. 30 రోజులకు 42 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే 252 రూపాయలు.

టైలరక్క ఆ అంకె చూసి కాసేపు ఆలోచించింది. "పెద్దమ్మా, వేడినీళ్ళకే 252 అయితే, ఫ్యానుకు, టీవీకి, లైట్లకు ఏం మిగిలింది? మేమిచ్చే 300 సరిపోదు. నీ మాట కూడా నిజమే" అంది.

చూశారా! లెక్క ఇద్దరికీ ఒక్కో నిజం చెప్పింది. గీజరు రోజంతా వేస్తున్నారన్న అనుమానం తప్పు. 300 చాలదన్న బాధ నిజం.

గీజరు ఆపకుండా వదిలేస్తే?

కాగిన తర్వాత గీజరు తనంతట తాను ఆగుతుంది. కానీ లోపలి వేడి కొంచెం కొంచెంగా పోతూనే ఉంటుంది. నీళ్ళు చల్లబడగానే గీజరు మళ్ళీ కరెంటు తీసుకుంటుంది. ఎవరూ వాడకపోయినా మీటరు తిరుగుతుంది. అందుకే స్నానానికి అరగంట ముందు వేయాలి. ఎర్ర లైటు ఆరగానే స్విచ్ కట్టేయాలి. ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానం చేయాలి.

ఒకే మీటరుతో వచ్చే చిక్కు

కరెంటు ధర అన్ని యూనిట్లకూ ఒకేలా ఉండదు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది. దీన్నే స్లాబు అంటారు. ఓనరమ్మ 150 యూనిట్లు, టైలరక్క 100 యూనిట్లు వాడారనుకుందాం. వేరు వేరు మీటర్లుంటే రెండూ చిన్న బిల్లులే. ఒకే మీటరు కాబట్టి 250 యూనిట్ల బిల్లు వస్తుంది. పై స్లాబు ధర పడుతుంది. ఇద్దరూ నష్టపోతారు.

ఇంకొక సంగతి. తెలంగాణలో 2024లో గృహజ్యోతి పథకం మొదలైంది. తెల్ల రేషన్ కార్డు ఉన్న అర్హులకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు ఉండదు. కిరాయికి ఉన్నవారికి కూడా ఇది వర్తిస్తుంది. కానీ ఒకే మీటరు మీద ఇద్దరి వాడకం కలిసి 200 దాటితే ఆ లాభం పోతుంది. అందుకే వీలైతే రెండో వాటాకు వేరే మీటరు కోసం కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. ఓనరు ఒప్పుకుంటే పని సులువు.

వేరే మీటరు వచ్చేదాకా సబ్ మీటరు పెట్టుకోవచ్చు. అది కిరాయి వాటా యూనిట్లు చూపిస్తుంది. పంచుకునే పద్ధతి ఇది:

మొత్తం బిల్లు 1500 రూపాయలు. మొత్తం యూనిట్లు 250.
1500ను 250తో భాగిస్తే యూనిట్‌కు 6 రూపాయలు.
టైలరక్క యూనిట్లు 100. ఆమె కట్టాల్సింది 600 రూపాయలు.
ఓనరమ్మ యూనిట్లు 150. ఆమె కట్టాల్సింది 900 రూపాయలు.

మాట కాగితం మీద ఉండాలి

ఇల్లు కిరాయికి తీసుకునేటప్పుడే ఈ సంగతులు రాసుకోవాలి. కరెంటు డబ్బు ఎలా పంచుకోవాలి? గీజరు పాడైతే బాగు చేయించేది ఎవరు? మీటరు అంకెలు ఏ తేదీన రాయాలి? ఇద్దరూ చదువుకొని సంతకం చేయాలి. తలా ఒక కాగితం దాచుకోవాలి.

తగువు వచ్చినా కరెంటు, నీళ్ళు ఆపడం న్యాయం కాదు. కేంద్ర ప్రభుత్వం 2021లో మాదిరి అద్దె చట్టం తయారు చేసింది. రాష్ట్రాలు తమ చట్టాలు చేసుకోవడానికి అది నమూనా. ఓనరు కిరాయిదారుకు నీళ్ళు, కరెంటు ఆపకూడదని అందులో ఉంది.

మాటలతో తీరకపోతే న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. ఇది జిల్లా కోర్టు దగ్గర ఉంటుంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవారికి అక్కడ న్యాయ సహాయం ఉచితం. ఆదాయం ఎంత అని చూడరు. ఫోన్ నంబరు 15100.

ప్రాణం ముందు, బిల్లు తర్వాత

హీటరు ఆన్‌లో ఉండగా నీళ్ళు ముట్టుకోకూడదు. స్విచ్ కట్టి, ప్లగ్ తీసిన తర్వాతే ముట్టుకోవాలి.
హీటరు దగ్గరికి పిల్లలను రానివ్వకూడదు. ఇనుప బకెట్లో పెట్టకూడదు.
గీజరుకు ఎర్త్ వైరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటే వెంటనే మెయిన్ ఆపాలి.
గ్యాస్ గీజరు ఉంటే గాలి బాగా ఆడాలి. తలుపులు, కిటికీలు మూసిన స్నానాల గదిలో దాన్ని వాడితే విషవాయువు చేరుతుంది. దానికి వాసన ఉండదు. మనిషి తెలియకుండానే పడిపోతాడు. ప్రాణం పోతుంది.

ఆలోచించండి – చెప్పండి

1. ఓనరమ్మ ఫ్యూజు తీయడం వల్ల ఆమెకు లాభం కలిగిందా? ఎందుకు?
2. టైలరక్క ఏ మాట ఒప్పుకుంది? మీరైతే ఒప్పుకుంటారా?
3. మీ ఇంట్లో రోజుకు ఎన్ని బకెట్ల వేడినీళ్ళు కావాలి?

చేసి చూడండి

ఈ రోజు మీ మీటరు మీది అంకెలు నోటుబుక్కులో రాయండి. పక్కన తేదీ వేయండి. వారం తర్వాత మళ్ళీ రాయండి. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయండి. వచ్చినవే మీరు వారంలో వాడిన యూనిట్లు. మీ ఓనరుకో, కిరాయిదారుకో కూడా ఆ లెక్క చూపించండి.