కడుపుకు కిటికీ ఉంటే?

సంక్రాంతి సెలవులు. అరిసెలు, జంతికలు, సున్నుండలు డబ్బాల నిండా ఉన్నాయి. తెలంగాణ ఇళ్లలో సకినాలు కూడా సిద్ధం. ఇంటినిండా చుట్టాలు. మీరు విస్తరి ముందు కూర్చోగానే మామయ్య, "ఏరా, లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడుగుతాడు. ముద్ద గొంతు దిగదు. సాయంత్రానికి కడుపు బరువెక్కుతుంది. "అరిసెలు ఎక్కువ తిన్నావు" అంటుంది అమ్మమ్మ.

తప్పంతా అరిసెలదేనా? మామయ్య ప్రశ్నకు ఇందులో వాటా లేదా?

ఇది తెలియాలంటే కడుపులోకి తొంగిచూడాలి. అలా చూడగలిగిన వైద్యుడు ఒకరున్నారు. 1822లో అమెరికాలోని మాకినా దీవిలో పొరపాటున తుపాకి పేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుని పొట్టకు తీవ్రమైన గాయమైంది. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు చికిత్స చేయగా ప్రాణం దక్కింది. కాని జీర్ణాశయానికి పడిన రంధ్రం మాత్రం పూడలేదు. అది కిటికీలాగా మిగిలిపోయింది! 1825 నుంచి బోమాంట్ ఆహారపు ముక్కలను పట్టుదారానికి కట్టి, ఆ రంధ్రం గుండా లోపలికి వదిలి, కొంతసేపటికి పైకి తీసి పరిశీలించారు. తాను చూసినవన్నీ 1833లో పుస్తకంగా ప్రకటించారు. వాటిలో రెండు సంగతులు మనకు ముఖ్యం. కొవ్వు పదార్థాలు నెమ్మదిగా జీర్ణమవుతాయి. కోపం వస్తే జీర్ణక్రియ కుంటుపడుతుంది.

మొదట కొవ్వు సంగతి చూద్దాం. ఒక అరిసెలో 25 గ్రాముల పిండిపదార్థాలు, 8 గ్రాముల నూనె ఉన్నాయనుకోండి. గ్రాము పిండిపదార్థం 4 కెలోరీల శక్తినిస్తుంది. గ్రాము కొవ్వు 9 కెలోరీలనిస్తుంది. అంటే 100, 72 కలిపి మొత్తం 172 కెలోరీలు. కొద్దిపాటి నూనె ఎంత శక్తిని మోసుకొస్తుందో చూశారా! కొవ్వు చిన్నప్రేగును చేరగానే అక్కడ కొలిసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలవుతుంది. అది "కాస్త ఆగు" అని జీర్ణాశయానికి కబురు పంపుతుంది. దాంతో ఆహారం లోపలే ఎక్కువసేపు నిలుస్తుంది. కడుపు బరువుకు ఇదొక కారణం.

ఇక మామయ్య సంగతి. భయం గాని, సిగ్గు గాని కలిగినప్పుడు మెదడు అడ్రినల్ గ్రంథులను హెచ్చరిస్తుంది. అవి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తం కండరాల వైపు మళ్లుతుంది, జీర్ణకోశానికి తగ్గుతుంది. వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1890ల చివర పిల్లి జీర్ణాశయాన్ని ఎక్స్ కిరణాలతో పరిశీలించారు. పిల్లి కలవరపడగానే జీర్ణాశయపు కదలికలు ఆగిపోయాయి! ఎదుట పులి ఉన్నప్పుడు ఇది మంచి ఏర్పాటే. ఎదుట మామయ్య ఉంటే మాత్రం పరుగెత్తడానికి వీలులేదు గదా!

దిగులు రోజుల తరబడి ఉంటే కార్టిసాల్ అనే మరో హార్మోను కూడా పెరుగుతుంది. అప్పుడు కొందరికి తీపి మీద, నూనె పదార్థాల మీద కోరిక ఎక్కువవుతుంది. సెలవుల్లో చేయవలసిన ఇంటిపని మిగిలిపోయినప్పుడు చేయి పుస్తకం మీదికి కాక అరిసెల డబ్బా మీదికి పోవడంలో వింత లేదు.

అలాగని పిండివంటలు మానాలా? అక్కరలేదు. రెండు అరిసెలు విస్తరిలో పెట్టుకుని, మెల్లగా నమిలి తినండి. "చాలు" అనే కబురు మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. గబగబా తినేవారికి ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. గుమ్మడికాయ పులుసు, చిక్కుడుకాయ కూర, జామకాయ, రేగుపళ్లు కూడా ఈ కాలపు ఆహారమే. వీటిలోని పీచుపదార్థం మలబద్ధకం రాకుండా చూస్తుంది. భోజనమయ్యాక కాసేపు నడవండి. కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. నిన్న ఎక్కువ తిన్నామని ఇవాళ పస్తుండవద్దు. ఆకలి ముదిరితే మళ్లీ ఎక్కువే తింటారు. భోగినాడు తెల్లవారకముందే లేస్తారు కనుక ముందురోజు రాత్రి త్వరగా పడుకోండి. ఇంటిపనిని రోజుకు కొంతగా పంచుకోండి. చివరిరోజు దిగులు దానంతటదే తగ్గుతుంది. కడుపునొప్పి తగ్గకపోతే, లేదా దిగులు విడవకపోతే పెద్దలకు చెప్పండి, వైద్యుణ్ణి చూడండి.

ఒక ప్రయోగం చేసి చూడండి. మనసు కలవరపడినప్పుడు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో లెక్కించండి. తర్వాత నిటారుగా కూర్చుని నెమ్మదిగా గాలి పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలండి. మూడు నిమిషాలు ఇలా చేసి మళ్లీ లెక్కించండి. రెండు అంకెలూ నోటుపుస్తకంలో వ్రాసుకోండి. తేడా ఏమైనా కనిపించిందా?

ఈసారి మామయ్య అడిగితే, "భోజనం చేశాక చెబుతాను మామయ్యా" అని నవ్వుతూ అనండి. తర్వాత దాచకుండా చెప్పేయండి. రాని లెక్క ఉంటే ఆయన్నే నేర్పమని అడగండి.