రెండు చెడిన కెమేరాలు, ఒక మంచి కెమేరా



మీ ఇంట్లో అటక మీదనో, పాత ట్రంకు పెట్టెలోనో ఒక నల్లని డబ్బా కెమేరా ఉందేమో వెతికి చూడండి. దానికి ముందువైపు ఒక గుండ్రని కటకం, పక్కన ఒక చిన్న మీట, వెనుక మూతకు ఒక ఎర్రని కిటికీ ఉంటాయి. "అది ఎప్పుడో చెడిపోయింది, పారేయండి" అంటారు ఇంట్లో పెద్దలు. తొందరపడి పారేయకండి. అసలు చెడిపోయినదేమిటో ముందు తెలుసుకోవాలి కదా!

మా బడిలో ఒక అమ్మాయి వాళ్ల తాతగారి కెమేరా తెచ్చింది. మీట నొక్కితే కదలదు. కటకం మీద సాలెగూడులాంటి బూజు. కొన్నాళ్లకు పాత సామాన్ల కొట్లో అదే రకం కెమేరా ఇంకొకటి దొరికింది. దాని డబ్బా పగిలిపోయింది, వెనుక మూత లేదు. కాని లోపలి భాగాలు బాగున్నాయి. ఆ రెండింటినీ కలిపి ఒకటి చేశాం. మధ్యలో ఒక పెద్ద పొరపాటు కూడా చేశాం. మాకు ఎక్కువగా నేర్పింది ఆ పొరపాటే.

కెమేరా చేసే పనులు మూడు

1900లో అమెరికాలో ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీ 'బ్రౌనీ' అనే కెమేరాను ఒక్క డాలరుకు అమ్మింది. అది అట్టతో చేసిన పెట్టె. అందులో ఒక కటకం, ఒక షట్టరు, ఫిల్ము చుట్టే ఏర్పాటు, అంతే. తరువాత వచ్చిన డబ్బా కెమేరాలన్నీ దాని వంశమే. వాటిలో చాలావాటికి పనికివచ్చే 120 రకం ఫిల్ము 1901లో పుట్టింది. అది ఇప్పటికీ తయారవుతూనే ఉంది. అందుకే ఈ పాత కెమేరాలకు మళ్లీ ప్రాణం పోయవచ్చు.

కెమేరా చేయవలసిన పనులు మూడు. లోపల చీకటిని కాపాడటం, ఫిల్ము మీద స్పష్టమైన ప్రతిబింబాన్ని పడవేయటం, వెలుతురును సరిపడినంత సేపే లోపలికి రానివ్వటం. మరమ్మతు అంటే ఈ మూడింటిలో ఏది తప్పిందో కనిపెట్టటమే. ఫిల్ము ఖరీదైనది. ఒక చుట్టకు చదరపు ఫొటోలు పన్నెండే వస్తాయి. కనుక ఫిల్ము వేయకుండానే మూడింటినీ పరీక్షించాలి.

మొదటి పరీక్ష: చీకటి

రాత్రిపూట దీపాలార్పి, ఒక చిన్న టార్చిలైటును వెలిగించి కెమేరాలో పెట్టి మూత వేయండి. ఇప్పుడు బయట నుంచి అన్ని వైపులా చూడండి. ఎక్కడ వెలుగు గీత కనిపిస్తే అక్కడ కన్నమున్నట్టే. లోపలి వెలుగు బయటికి వచ్చిన దారినే పగలు బయటి వెలుగు లోపలికి పోతుంది. మా కెమేరా మూత అంచున అలాంటి గీత కనిపించింది. మూత దిగే గాడిలో నల్లని ఊలు దారం అంటించాం. గీత మాయమైంది.

మరి ఎర్ర కిటికీ మాటేమిటి? ఫిల్ము వెనుక ఉన్న కాగితం మీది అంకెలు చూడటానికి దాన్ని పెట్టారు. ఆనాటి ఫిల్ముల్లో చాలావాటికి ఎరుపు వెలుగు సోకినా హాని లేదు. నేటి ఫిల్ములో చాలావరకు ఎరుపును కూడా పసిగడుతుంది. అందుచేత కిటికీ మీద నల్లని టేపు ముక్క అంటించి, అంకె చూసేటప్పుడు మాత్రం నీడలో తీయాలి.

రెండవ పరీక్ష: కాలం

ఈ కెమేరాల్లో షట్టరు అంటే కన్నమున్న ఒక రేకు, దానిని లాగే ఒక స్ప్రింగు. మా కెమేరా స్ప్రింగు తుప్పుపట్టి విరిగింది. ఒక కుర్రవాడు బాల్‌పెన్ను స్ప్రింగు ముక్కను సాగదీసి తగిలించాడు. మీట నొక్కితే 'టిక్' మన్నది! అందరూ చప్పట్లు కొట్టారు.

నేను మాత్రం సెల్‌ఫోను తెప్పించాను. సెకనుకు 240 బొమ్మలు తీసే నిదాన వీడియోలో షట్టరును చిత్రించాం. రేకు తెరచి ఉన్న బొమ్మలు రెండే కనిపించాయి. అంటే 2/240, సెకనులో 120వ వంతు. పాత సామాన్ల కెమేరాలోని అసలు స్ప్రింగును తీసి తగిలిస్తే ఆరు బొమ్మలు వచ్చాయి. 6/240, అంటే సెకనులో 40వ వంతు. పెన్ను స్ప్రింగు బిరుసుగా ఉండి రేకును మూడు రెట్లు వేగంగా లాగిందన్నమాట. దానితో ఫొటో తీస్తే ఫిల్ముకు అందేది మూడో వంతు వెలుతురే. పట్టడం వేరు, పనికిరావడం వేరు!

మూడవ పరీక్ష: ప్రతిబింబం

తాతగారి కెమేరా కటకాన్ని మెత్తని గుడ్డతో తుడిస్తే బూజు పోయింది, కాని గాజు మీద మచ్చలు మిగిలాయి. బూజు చాలాకాలం ఉంటే గాజును కూడా తినేస్తుంది. అందుకని రెండో కెమేరా కటకాన్ని తీసి తుడిచి బిగించాం.

ఫిల్ము నడిచే చోట ట్రేసింగు కాగితాన్ని అంటించాం. ఆ దారి వంపుగా ఉంటే కాగితమూ అదే వంపులో ఉండాలి. మీట నొక్కి పట్టుకున్నంతసేపూ షట్టరు తెరచి ఉండే ఏర్పాటు లేకపోతే, షట్టరు బిగించక ముందే ఈ పరీక్ష చేయాలి. కెమేరాను దూరంగా ఉన్న వేపచెట్టు వైపు తిప్పి, తల మీద నల్లని దుప్పటి కప్పుకొని చూశాం. కాగితం మీద చెట్టు తలక్రిందులుగా కనిపించింది. కాని మధ్యలో మాత్రమే కొంత స్పష్టంగా ఉంది. అంచులన్నీ అలుక్కుపోయాయి.

"కటకం పాడైంది సార్, భూతద్దం పెడదాం" అన్నారు పిల్లలు. ఆగండి! మా కెమేరాలో కటకానికీ ఫిల్ముకూ మధ్య దూరం 75 మిల్లీమీటర్లు. భూతద్దం నాభ్యంతరం 100 మిల్లీమీటర్లయితే, చెట్టు ప్రతిబింబం ఫిల్ముకు 25 మిల్లీమీటర్లు వెనుక ఏర్పడుతుంది. ఫిల్ము మీద పడేది మసకే.

అప్పుడు ఆ అమ్మాయి కటకాన్ని తీసి అంచులు పట్టుకొని పక్కనుంచి చూసింది. "సార్, ఇది ఒకవైపు గుంటగా, ఒకవైపు ఉబ్బుగా ఉంది" అన్నది. అదీ సంగతి! మేము దాన్ని తిరగేసి బిగించాం. రెండు వైపులా అంచు ఒకటే గనుక అది చక్కగా పట్టింది, మమ్మల్ని మోసగించింది. ఇలాంటి కటకాన్ని 1812లో ఇంగ్లండు శాస్త్రవేత్త విలియం హైడ్ వొలాస్టన్ ఉపయోగించి చూపాడు. దాని గుంట వైపు, వెలుతురును అదుపు చేసే చిన్న రంధ్రం వైపుకు ఉండాలి. అప్పుడే అంచులు కూడా తగినంత స్పష్టంగా వస్తాయి. కటకాన్ని తిప్పి పెట్టాం. వేపచెట్టు కొమ్మలు కాగితం అంచు దాకా విడివిడిగా కనిపించాయి.

ఆ తరువాతే నలుపు తెలుపు ఫిల్ము వేశాం. పన్నెండులో పదకొండు ఫొటోలు బాగా వచ్చాయి. ఒక దానిలో బడి గంట మీద మా అటెండరు కూర్చున్నట్టుంది! ఫిల్ము తిప్పడం మరచి ఒకే చోట రెండుసార్లు మీట నొక్కాం. అది కెమేరా తప్పు కాదు, మాది.

జాగ్రత్త!

ఫ్లాషు ఉన్న కెమేరాను ఎన్నడూ విప్పకండి. బ్యాటరీ తీసేసినా లోపలి కండెన్సరులో సుమారు 300 వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. కటకం గుండా సూర్యుణ్ణి చూడకండి. విప్పిన మరలను వరుసగా అట్టకు గుచ్చి, ఏది ఎక్కడిదో రాసుకోండి. ఇంకా బాగుపడే కెమేరాను భాగాల కోసం పాడు చేయకండి.

మీరే చేసి చూడండి

1. ఒక భూతద్దంతో, దూరంగా ఉన్న చెట్టు ప్రతిబింబాన్ని గదిలో తెల్ల కాగితం మీద పడేటట్లు చేయండి. కటకానికీ కాగితానికీ మధ్య దూరం కొలవండి. అదే దాని నాభ్యంతరం.

2. సెకనుకు 240 బొమ్మల వీడియోలో ఒక షట్టరు 12 బొమ్మల్లో తెరచి ఉంది. అది తెరచి ఉన్న కాలమెంత? పరుగెత్తే కుక్కపిల్లను దానితో ఫొటో తీస్తే ఏమవుతుంది? ఆలోచించండి.