పొలములో జరిగిన సంభాషణ

కుటుంబ పాఠము
వాక్యభాగము: ఆదికాండము 31వ అధ్యాయము

తల్లిదండ్రులను సన్మానించాలని మన పిల్లలకు చిన్నప్పటి నుండి నేర్పిస్తాము. పెండ్లి రోజున ఆదికాండము 2:24 చదివి, ఇకమీదట తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకొని ఉండాలని చెప్పి పంపిస్తాము. ఈ రెండూ దేవుని మాటలే. కాని తండ్రి మాట మీద నిలిచే మనిషి కాకపోతే, తల్లి కోడలిని ఒక్కనాడూ మంచిగా పలకరించకపోతే, ఆ రెండు మాటలూ ఒకే ఇంట్లో ఎలా కుదురుతాయి? దీనిని మనము అరుదుగా బోధిస్తాము.

మన భాషలో చెప్పాలంటే యాకోబు ఇల్లరికపు అల్లుడు. పైగా మేనరికము. లాబాను అతని తల్లి రిబ్కాకు తోడబుట్టినవాడు. మేనరికాలున్న ఇండ్లలో ఈ చిక్కు తెలిసినదే: మామతో తగవు పెట్టుకుంటే అమ్మ పుట్టింటితో తగవు పెట్టుకున్నట్లే. యాకోబు 20 సంవత్సరములు ఆ ఇంట పని చేశాడు. ఇద్దరు కుమార్తెల కొరకు 14, మందల కొరకు 6. జీతము పదిమార్లు మార్చావని చివరకు మామ ముఖము మీదనే అన్నాడు.

ఇక్కడ 4వ వచనము జాగ్రత్తగా చూడండి. యాకోబు రాహేలును, లేయాను తన మంద ఉన్న పొలమునకు పిలిపించాడు. ఇంట్లో మాట్లాడలేదు. కోలారు బంగారు గనుల లైను ఇండ్లలోను, భివండీలో మరమగ్గాల పక్కనున్న ఒంటి గదులలోను కాపురము చేసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. చీర అడ్డము కట్టి అటు అత్తమామలు, ఇటు కొడుకు కోడలు పడుకునే ఇంట్లో మనసు విప్పి మాట్లాడుకునే చోటేది? అందుచేత ప్రతి జంటకు ఒక పొలము కావాలి. డాబా మీద కావచ్చు, సాయంత్రము నడిచే దారి కావచ్చు.

ఆ పొలములో యాకోబు జరిగినది జరిగినట్లు చెప్పాడు గాని, మీరు మీ నాన్నను విడిచిపెట్టండని వారి మీద ఒత్తిడి తేలేదు. తండ్రి తమను పరాయివారిగా చూశాడని, తమ సొమ్ము తినివేశాడని చెప్పినది కుమార్తెలే. ఆ మాట వారి నోట రావలసినదే గాని అల్లుడి నోట కాదు. మన ఇండ్లలో తరచుగా దీనికి తారుమారు. అత్తకు చెప్పవలసినది కోడలి చేత చెప్పించి, కొడుకు పేపరు చదువుకుంటాడు. తరువాత, నీ నోరు మంచిది కాదని ఆమెనే అంటాడు! తన తల్లితో కొడుకే, తన తండ్రితో కూతురే మాట్లాడాలి. చేదు మాటయినా కన్నబిడ్డ చెబితే పెద్దలు కొంత సహిస్తారు.

అయితే వారు చేసినదంతా మనకు మాదిరి కాదు. మామకు చెప్పకుండా వెళ్లిపోయారు. అంతకంటె పెద్ద తప్పు, రాహేలు తండ్రి గృహదేవతలను దొంగిలించి ఆ సంగతి భర్తకు కూడ చెప్పలేదు. ఏమీ తెలియని యాకోబు, అవి ఎవరి యొద్ద దొరికితే వారు బ్రతకకూడదని అనివేశాడు. తాను ప్రేమించిన భార్య మీదికే ఆ మాట వచ్చేది. భర్తకు తెలియకుండా పుట్టింటికి పంపే డబ్బు, భార్యకు తెలియకుండా తమ్ముడి అప్పుకు పెట్టే సంతకము ఇటువంటివే. ఇవ్వడము తప్పు కాదు, దాచడమే ప్రమాదము.

గిలాదు కొండ మీద రాళ్లకుప్ప వేసి, ఇటువాడు అటు, అటువాడు ఇటు కీడు చేయుటకు దాటకూడదని ఒప్పుకున్నారు. ఆ ఒక్క కుప్పకే మామ తన భాషలో, అల్లుడు తన భాషలో పేరు పెట్టారు (మనవల కన్నడము తాతకు అర్థము కాని మన ఇండ్లు గుర్తుకు వస్తాయి). ఆ కుప్ప యొద్దనే కలిసి భోజనము చేశారు. కుమార్తెలను బాధపెట్టవద్దని లాబాను షరతు పెట్టాడు. అంత కఠినునిలోను తండ్రి మనసు ఉన్నది. హద్దు పెట్టిన తరువాతనే అతడు మనవలను, కుమార్తెలను ముద్దు పెట్టుకొని, దీవించి వెళ్లగలిగాడు.

హద్దు పేరు చెప్పి పోషణ మానుకోరాదు. మార్కు 7:9-13లో ప్రభువు గద్దించినది అటువంటివారినే. మన దేశములో 2007 నాటి చట్టము ప్రకారము కూడ పోషణ లేని తల్లిదండ్రులు ట్రిబ్యునలుకు దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు ఇంత, ఫలానా తేదీకి అని దంపతులిద్దరూ కలిసి నిర్ణయించి పంపితే, ప్రతి ఫోనుకూ తగవు ఉండదు. కొట్టడము, తిట్టడము ఉన్నచోట మాత్రము సన్మానము పేరుతో కోడలిని అక్కడే ఉండుమనకండి. ఆమె రక్షణకు 2005 నాటి గృహహింస చట్టము ఉన్నది. దూరముగా ఉండి కూడ డబ్బు పంపవచ్చు, ప్రార్థించవచ్చు.

చర్చకు: దంపతులు మొదట విడిగా, తరువాత కూడికలో ఆలోచించండి. 50, 52 వచనములలోని షరతులలో మీ ఇంటికి కావలసినది ఏది? దానిని మీ తల్లిదండ్రులతో ఎవరు, ఎప్పుడు చెబుతారు?